పదిహేనో పరుపు

శరణార్థుల ఆఫీసు గేటుకు సరిగ్గా ఎదురుగా, జిరాక్స్ కొట్టు మెట్ల కింద, నిలబడితే నెత్తి తగిలే గది ఒకటి ఉంది. కూర్చుంటే తగలదు. అందుకే టైపు మాస్టారు అందులో ఇరవై రెండేళ్ళుగా కూర్చునే ఉన్నాడు. సరిహద్దు దాటి వచ్చినవాళ్ళు తమకు జరిగింది ఏడుస్తూనో తడబడుతూనో చెబుతారు. ఆయన దాన్ని వాంగ్మూలంగా టైపు చేసి, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించి, రోడ్డు దాటించి పంపుతాడు. ఆ పైన వాళ్ళ అదృష్టం.

అయితే అదృష్టం మీద మాస్టారికి పెద్ద నమ్మకం లేదు. ఆయన సిద్ధాంతం ఆయనకుంది. లోపలున్న ఆఫీసరు రోజుకు నలభై ఫైళ్ళు చదువుతాడు. నలభైలోనూ ఇల్లు కాలుతుంది, నలభైలోనూ ఇంట్లోంచి వెళ్ళినవాళ్ళు ఎవరో ఒకరు తిరిగిరారు. మధ్యాహ్నం భోంచేసి వచ్చి కూర్చున్న మనిషికి ముప్ఫయ్యో ఇల్లు కాలేసరికి ఆవలింత వస్తుంది. అందులో అతని తప్పేం లేదు, తప్పంతా పొట్టది. కాబట్టి ఆ ఆవలింత సగంలో ఆగిపోయి తల పైకి లేచేలా ప్రతి వాంగ్మూలంలోనూ ఒక ముక్క ఉండాలి. దానికి మాస్టారు పెట్టుకున్న పేరు తలెత్తే ముక్క. వచ్చినవాళ్ళ కథలో అలాంటిది ఉంటే సరే సరి. లేనివాళ్ళకు పాపం ఆయనే తన దగ్గరున్నవాటిలో ఒకటి సర్దేవాడు. యజమాని ఎక్కడ దాక్కున్నాడో అరిచి చెప్పేసిన చిలక ఒకటి, పెళ్ళి ఊరేగింపులో డోలు మోస్తూ సరిహద్దు దాటేయడం ఒకటి, ఇలా నాలుగైదు ఉండేవి. అన్నిట్లోకీ బాగా నడిచింది పరుపు.

మనిషిని పరుపులో పెట్టి కుట్టేస్తారు. పైన ఒక ముసలి ప్రాణం కూర్చుంటుంది. వెతకడానికి వచ్చినవాళ్ళు ఇల్లంతా తిరగేస్తారు గానీ ఆ ముసలి ప్రాణాన్ని మాత్రం లేపలేక వెళ్ళిపోతారు. అంతే కథ. ఎనిమిదేళ్ళలో పద్నాలుగు మంది ఆ పరుపులోంచి లేచి వచ్చి గేటు దాటారు. ఒక్కరి అర్జీ కూడా తిరిగి రాలేదు.

ఆ గేటు దగ్గర నీలం చొక్కా వేసుకుని నిలబడే గార్డు మాస్టారికి బావమరిది. మాస్టారి భార్య అవతలి నుంచి వచ్చిన మనిషి. వాంగ్మూలం రాయించుకోవడానికి వచ్చి, రాసినవాడినే కట్టుకుంది. తమ్ముడు ఎనిమిదేళ్ళ కిందట వచ్చాడు. మొదటి ఏడాది కార్డు వచ్చింది, రెండో ఏడాది నీలం చొక్కా వచ్చింది, మూడో ఏడాది నుంచి అభిప్రాయాలు రావడం మొదలైంది.

వలస చట్టాన్ని బిగించాలన్నది అతని అభిప్రాయాల్లో ముఖ్యమైనది. ఆ రోజుల్లో ఏ టీవీలో చూసినా అదే గొడవ. బిగించాలనేవాళ్ళు ఒక పక్క, కూడదనేవాళ్ళు ఒక పక్క కూర్చుని కేకలేసుకునేవారు. మధ్యలో కూర్చున్నావిడ ఇద్దర్నీ ఎగదోసి ప్రకటనలు వేసుకునేది. గార్డు బిగించాలనే పక్షం తరఫున కాగితాలు పట్టుకుని, గేటు దగ్గరే వచ్చేపోయేవాళ్ళ చేత సంతకాలు పెట్టించేవాడు. లోపలికి వెళ్ళాలనే తొందరలో ఏ కాగితమో చూసుకోకుండా శరణార్థులు కూడా పాతికమంది దాకా పెట్టేశారు.

ఆదివారం భోజనాల దగ్గర బావా బావమరుదులు దీని మీదే పడేవారు. అరవై మంది పట్టే హాలుకు రోజూ ఎనిమిది వందల మంది వస్తున్నారని, నిజంగా దెబ్బలు తిన్నవాడు ఆ వరుసలో చివరకు పోతున్నాడని, ఏ దెబ్బా తగలనివాడు మంచి వాంగ్మూలం పట్టుకుని ముందుకు తోసుకొస్తున్నాడని గార్డు అనేవాడు. పాపం అందులో అబద్ధం లేదు, అతను రోజూ కళ్ళారా చూస్తున్నదే. ఆకలితో వచ్చానని చెప్పుకోవడానికి ఆ ఫారంలో గడి పెట్టండి, అప్పుడు ఎవడూ అబద్ధం ఆడడని మాస్టారు అనేవాడు. గడి పెడితే దేశం పట్టదని గార్డు. నువ్వు పట్టావు కదరా అని మాస్టారు. ఇక్కడికి వచ్చేసరికి గార్డు కంచంలోకి చూసుకుని అన్నం కలిపేవాడు. ఎందుకంటే అతను అవతల ఇటుక బట్టీ మూతపడి వచ్చినవాడు. అతని వెంట పడినవాళ్ళు ఎవరైనా ఉన్నారంటే అప్పులవాళ్ళే. పద్నాలుగు పరుపుల్లో మొట్టమొదటిది అతనిదే.

"ఇద్దరూ కాస్త నోళ్ళు కట్టేసుకుని తినండి, ఈ ఇంటికి చట్టం నేను," అని మాస్టారి భార్య గరిటె చూపించేది. ఆ చట్టాన్ని సవరించమని అడిగే ధైర్యం రెండు పక్షాల్లోనూ ఎవరికీ లేదు.

చివరకు బిగించారు. కొత్త చట్టంలో చాలా ఉన్నాయి గానీ మెట్ల కింద గదికి సంబంధించినవి మూడు. ఏడాదికోసారి ముద్ర వేయించుకునే తాత్కాలిక కార్డులు రద్దు, అవి ఉన్నవాళ్ళందరూ ఆఫీసరు ముందు కూర్చుని తమ కథ మొదటి నుంచి చెప్పుకోవాలి. ఆ కథ పాత ఫైళ్ళలో దేనితోనైనా కలిస్తే అర్జీ కొట్టివేత, సంజాయిషీకి ఏడు రోజులు. పాత ఫైలు దొంగదని తేలితే దాని కార్డు కూడా రద్దు. ఫైళ్ళన్నీ కంప్యూటరులోకి ఎక్కించేశారు. ఈ మూడూ చదివిన రోజు మాస్టారు దుకాణానికి తాళం వేసి ఇంటికి వచ్చి పడుకున్నాడు. వంట్లో బాగాలేదా అని భార్య అడిగితే బాగానే ఉందన్నాడు. ఆ జవాబుతో ఆవిడకు అనుమానం వచ్చింది. బాగున్న రోజు ఆయన బాగున్నానని ఎప్పుడూ చెప్పడు.

తాత్కాలిక కార్డు మీద బతుకుతున్నవాళ్ళలో పరుపులు కుట్టే ఆవిడ ఒకతె. ఆఫీసుకు నాలుగు వీధుల అవతల చిన్న కొట్టు. పాత పరుపులు విప్పి, దూది ఏకి, మళ్ళీ నింపి కుట్టి ఇస్తుంది. పదేళ్ళుగా ఏడాదికోసారి వెళ్ళి ముద్ర వేయించుకుంటోంది. ఎవరూ ఏమీ అడగలేదు, ఆమె ఏమీ చెప్పలేదు. మాస్టారి భార్యకు ఆమె స్నేహితురాలు. ఇద్దరూ ఒకరినొకరు వదినా అని పిలుచుకుంటారు.

ఆమెది నిజమైన కథ. దానికి వాంగ్మూలం రాసేవాడెందుకు అనుకుని, మాస్టారి గది ముందునుంచే వెళ్ళి, గార్డుకు కార్డు చూపించి, లోపల కూర్చుంది. ఇప్పుడు అక్కడున్న ఆఫీసరు ఒక ఆడమనిషి. ఏ మాటనూ చివరిదాకా సాగనివ్వదని ఆమెకు కత్తెర మేడమ్ అని పేరు. కుట్టే ఆవిడ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. భర్త ఊళ్ళో పెత్తనం చేస్తున్నవాళ్ళ మీద కరపత్రాలు వేశాడు. అతన్ని తీసుకుపోయారు, తిరిగి రాలేదు. ఆ కరపత్రాలు ఇల్లిల్లూ పంచింది ఈమె. వారానికి ఈమె కోసం వచ్చారు. లారీల చప్పుడు వినగానే అత్తగారు, పెళ్ళయిన ఆరేళ్ళలో కోడల్ని ఒక్కనాడు మంచి మాటతో పలకరించని మనిషి, విప్పి ఉన్న పరుపు చూపించి "దూరు, దరిద్రురాలా" అంది. పైన దబ్బనంతో కుట్టేసి, దాని మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచింది. ఇప్పుడే ఊడ్చిన ఇల్లు, కాళ్ళు ఎత్తి నడవండని వచ్చినవాళ్ళను తిట్టింది.

అంతవరకూ చెప్పనిచ్చి మేడమ్ కంప్యూటరులో పరుపు అని కొట్టింది. పద్నాలుగు ఫైళ్ళు లేచాయి. ఒకదాంట్లో పైన కూర్చున్నది మేనత్త, ఒకదాంట్లో తాతయ్య, ఒకదాంట్లో పాలు పోసేవాడు. పరుపు మాత్రం అదే పరుపు. మీ ఊళ్ళో పరుపుల మీద పడుకునేవాళ్ళు కూడా ఉండేవాళ్ళా, లేక అన్నీ దాక్కోవడానికేనా అని మేడమ్ అడిగింది. ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వమంది. అది తేలితే ఆ పద్నాలుగు ఫైళ్ళ సంగతీ తేలుతుందని చెప్పి కాగితం చేతికిచ్చింది.

తేలకపోతే ఎక్కడికి పంపుతారో కుట్టే ఆవిడకు తెలుసు. అప్పుడు ఆమెను వెతికినవాళ్ళే ఇప్పుడు అక్కడ మునిసిపాలిటీ నడుపుతున్నారు. రోడ్లు బాగా వేశారట. వెతకడం కూడా ఆపలేదట.

తిన్నగా మాస్టారి ఇంటికి వచ్చి, కాగితం వదిన చేతిలో పెట్టి, గుమ్మంలోనే కూలబడింది. పద్నాలుగు మందికి తన అత్తే ఎలా వచ్చిందో ఆమెకు అంతు పట్టడం లేదు. మాస్టారి భార్యకు మాత్రం కాగితం సగం చదివేసరికి అంతు పట్టింది. తొమ్మిదేళ్ళ కిందట ఇదే ఇంట్లో, ఇదే గదిలో పరుపు కుడుతూ వదిన ఈ కథ తనకు చెప్పింది. తను దాన్ని భోజనాల దగ్గర మొగుడికి చెప్పింది. వింటూ వింటూ ఆయన చెయ్యి కంచంలో ఆగిపోవడం, తల ఎత్తి తనకేసి చూడడం ఆవిడకు ఇప్పటికీ గుర్తే. అప్పట్లో జాలి అనుకుంది.

"ఏవండీ, లేచి ఇలా రండి," అంది లోపలికి. ఏమీ జరగనట్టే పిలిచింది. ఆ గొంతు విని, మూడు రోజులుగా పడుకుని ఉన్న మాస్టారు పంచె సవరించుకుంటూ వచ్చి నిలబడ్డాడు.  చివరకు అంతా చెప్పాడు.

కుట్టే ఆవిడ ఏడుస్తుందనుకున్నారు. ఆమె ముందు అర్థం కానట్టు చూసింది. ఆ తరవాత అరికాలి మంట నెత్తికెక్కింది.

"నా కథ తీసుకున్నావు, పోనీ. మా అత్తను పాలు పోసేవాణ్ణి చేస్తావా అన్నయ్యా?"

"ఒక్కో ఫైలుకు ఒక్కోలా ఉండాలని, చెల్లెమ్మా."

"ఆవిడ బతికుంటే నిన్ను దబ్బనంతో కుట్టేసేది. పరుపు లేకుండానే కుట్టేసేది."

మాస్టారు తల వంచుకున్నాడు. రేపే వెళ్ళి మేడమ్ ముందు ఒప్పేసుకుంటానన్నాడు. ఈ కథ ఈమెది, మిగతావి నేను అంటగట్టినవి అని రాసి సంతకం పెడతాను, దుకాణం మూయిస్తారు, జైల్లో పెడితే పెడతారు, అక్కడైనా పైకప్పు నెత్తికి తగలదు అన్నాడు. డ్యూటీ దిగి అప్పుడే వచ్చిన గార్డు చెప్పులు విప్పుతూ చివరి మాటలు విన్నాడు. నీలం చొక్కాలో అతని మొహం తెల్లగా కనబడింది.

"బావా, నువ్వు ఒప్పుకుంటే ఆవిడ ఒక్కతీ ఉంటుంది. మేం పద్నాలుగు మందిమీ పోతాం."

"దొంగ కథలతో వచ్చినవాళ్ళు పోవాలని సంతకాలు పెట్టించింది నువ్వే కదరా."

"పెట్టించాను. నా ఉద్దేశం వేరేవాళ్ళని."

ఎవరని అక్క అడిగింది. అతను గోడకేసి చూసి, ఇల్లు కట్టుకున్నానక్కా, పిల్ల బడికి వెళ్తోంది అన్నాడు. ఆ మాట అతను గేటు దగ్గర రోజుకు ఎనిమిది వందల సార్లు వింటాడు. తన నోట్లోంచి వచ్చేసరికి అతనికే కొత్తగా ఉంది.

కుట్టే ఆవిడ వీళ్ళ వాదన వినడం ఎప్పుడో మానేసింది. ఆ పద్నాలుగు వాంగ్మూలాల నకళ్ళు నీ దగ్గర ఉన్నాయా అని మాస్టారిని అడిగింది. ఉన్నాయి. ఆయన ఏ కాగితమూ పారేయడు. చదవమంది. నేల మీద చాప పరిచి, అందరూ కూర్చుని, సాయంత్రం దాకా చదివారు. ఆమె మధ్యమధ్యలో అడ్డుపడేది. పహిల్వాను అని పిలిచే ఒకాయన నూట పది కిలోల మనిషి. అతన్ని ఒక్క పరుపులో పెట్టి కుట్టాడు మాస్టారు. కొలత లేకుండా రాస్తే ఇలాగే ఉంటుంది, టాకాలు పుటుక్కున తెగవూ అంది. ఇంకొకతను పరుపులోనే రాత్రంతా ఉండి పుస్తకం చదువుకున్నానన్నాడు. దీపం కూడా పెట్టి కుట్టాల్సింది అంది. చదవడం అయ్యాక నకళ్ళన్నీ దొంతి పెట్టి ఒళ్ళో పెట్టుకుంది.

"ఈ పద్నాలుగు మందినీ రేపు నా కొట్టుకు రమ్మను."

ఎందుకని మాస్టారు అడిగాడు.

"కుట్టాలి," అంది.

వచ్చారు. పరుపుల కొట్టులో దూది కుప్పల మధ్య పద్నాలుగు మంది పెళ్ళిచూపులకు కూర్చున్నట్టు బుద్ధిగా కూర్చున్నారు. తాము ఎవరి అత్త దయ వల్ల ఈ దేశంలో ఉన్నారో వాళ్ళకు అప్పుడే తెలిసింది. కొందరు దండాలు పెట్టారు, పహిల్వాను కాళ్ళ మీద పడబోతే దూది మీద పడ్డాడు. ఆమె అవేమీ పట్టించుకోకుండా పని మొదలుపెట్టింది. పరుపు విప్పితే ఎంత దూది తీయాలి, మనిషి పక్కకు తిరిగి ఎలా ముడుచుకోవాలి, ముక్కు దగ్గర కుట్టు ఎంత వదులుగా వేస్తారు, లోపలున్నవాడికి వేడి ఎక్కడ మొదలవుతుంది, ఇవన్నీ చెప్పింది. నమ్మకం కుదరనివాళ్ళను లోపల పెట్టి కుట్టి చూపించింది. గార్డును కుట్టినప్పుడు అతను తుమ్మాడు. నువ్వయితే అవతలే పోయుండేవాడివి తమ్ముడూ అని విప్పింది.

ఆ తరవాత అత్తగారి తిట్లు పంచింది. కుట్టేటప్పుడు అత్త ఏదో ఒకటి తిట్టకుండా ఉండదు కాబట్టి, తలా ఒకటి ఉండాలి. ఆరేళ్ళ కాపురంలో ఆమె దగ్గర జమపడినవాటిలో పద్నాలుగు తీస్తే లోటేమీ కనబడలేదు. ఊపిరి పీల్చు గానీ దుబారా చెయ్యకని ఒకరికి, కదిలావంటే దబ్బనం ఎక్కడ దిగుతుందో నాకు తెలీదని ఒకరికి, నిన్ను దాచడానికి ఇంత మంచి దూది దండగని ఒకరికి. గార్డుకు, తుమ్మావంటే ఇందులోనే పాతేస్తానన్నది ఇచ్చింది. అది అత్త తిట్టు కాదేమో, అప్పుడే పుట్టిందేమోనని మాస్టారికి అనుమానం వచ్చింది గానీ అడగలేదు. ఆయనకు ఆ రోజు ఇంకో సంగతి కూడా తెలిసింది. ఇరవై రెండేళ్ళుగా ఆ పని చేస్తున్నది తనయినా, ఆ పనికి పుట్టిన మనిషి వేరే ఉంది.

ఏడో రోజు విచారణ. అర్జీదారుకు సాయంగా ఒకరు కూర్చోవచ్చంటే మాస్టారు వెనక కుర్చీలో కూర్చున్నాడు. తిరిగే ఫ్యాను, గాజు గ్లాసులో నీళ్ళు, టేబుల్ మీద పద్నాలుగు ఫైళ్ళ దొంతి. తన ఫైళ్ళను అన్నేళ్ళ తరవాత ఒక్కచోట చూసేసరికి ఆయన కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నాడు.

వీటికి మీ సమాధానం ఏమిటని మేడమ్ అడిగింది.

"సమాధానం ఏముందండి. వాళ్ళను కుట్టింది మేమే."

మేడమ్ ఫైలు మూసి, తల ఎత్తింది. మాస్టారు ఆ తల ఎత్తడం చూశాడు.

మాది పరుపుల ఇల్లు, మా వీధిలో దాక్కోవాల్సినవాళ్ళు ఎక్కడికి వస్తారండీ అని ఆమె మొదలుపెట్టింది. నాలుగేళ్ళు అక్కడ గొడవలు జరిగాయి, ఆ నాలుగేళ్ళూ వచ్చారు. అత్త కుట్టేది, తను దూది తీసేది. వెతకడానికి ఎవరొస్తే ఎవరో ఒకరు పైన కూర్చోవాలి. అత్తకు మోకాళ్ళ నొప్పులు, అస్తమానం ఆమే కూర్చోలేదు. అందుకని ఒకసారి తాత కూర్చున్నాడు, ఒకసారి చూడ్డానికి వచ్చిన మేనత్త కూర్చుంది. ఎవరూ లేని రోజు పాలు పోయడానికి వచ్చినవాణ్ణి రెక్క పట్టుకుని కూర్చోబెట్టారు. పాపం వాడి పాలు విరిగిపోయాయి.

మొదటి రోజు ఇదంతా ఎందుకు చెప్పలేదని మేడమ్ అడిగింది.

"నన్ను ఎలా దాచారని అడిగారండి. నేను ఎవర్ని దాచానని అడగలేదు."

మేడమ్ ఒక ఫైలు తీసింది. ఈయన నూట పది కిలోలు, వైద్య పరీక్షలో ఉంది అంది. రెండు పరుపులు కలిపి కుట్టామని, ఆయన్ని విప్పేసరికి తెల్లారిందని కుట్టే ఆవిడ చెప్పింది. ఇంకొక ఫైలు తీసింది. పుస్తకం చదివినతను. అతనికి గాలి ఆడక మతి చలించిందండీ, నాక్కూడా ఏదో పద్యం చదివి వినిపించాడు అంది. మేడమ్ పెదవి కొస కదిలింది గానీ అంతలోనే సర్దుకుంది. మూడో ఫైలు తీసి, ఫోటో చూసి, బెల్లు కొట్టి గేటు దగ్గరున్న గార్డును పిలిపించింది.

గార్డు టోపీ చంకలో పెట్టుకుని వచ్చాడు. మాస్టారికేసి చూడలేదు.

"ఈవిడ మీకు తెలుసా?" అని మేడమ్ అడిగింది.

గార్డు టోపీని ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకున్నాడు. తెలియదంటే ఇప్పటికి తన ఒక్కడి ఫైలే పోతుంది, కానీ దాని వెనక మిగతావన్నీ పోతాయి. తెలుసంటే ఇన్నేళ్ళుగా గేటు దగ్గర తను చెబుతున్న నీతులు పోతాయి.

"తెలుసు మేడమ్. నన్ను పరుపులో పెట్టి కుట్టింది వీళ్ళే."

"చట్టం బిగించాలని సంతకాలు సేకరించింది మీరే కదూ?"

"నేనే మేడమ్."

"ఎందుకు?"

"నేను వచ్చేశాను కదా మేడమ్," అన్నాడు.

ఆ ఆఫీసులో అంత నిజం ఎవరూ చెప్పి ఉండరు. మేడమ్ అతని ఫైలు మళ్ళీ తెరిచింది. కుట్టేటప్పుడు ఆ ముసలావిడ ఏమందో గుర్తుందా అని అడిగింది. తుమ్మావంటే ఇందులోనే పాతేస్తానంది అని అతను చెప్పాడు. చెబుతుండగానే, ఎన్నడూ చూడని ఆ అత్తగారి మీద అతనికి ఎక్కడలేని ప్రేమా పొంగి కళ్ళనీళ్ళు తిరిగాయి. వెళ్ళమంటే టోపీ పెట్టుకోవడం మరిచిపోయి వెళ్ళాడు.

అంతా దారిలో పడిందని మాస్టారు ఊపిరి తీసుకున్నాడు. అప్పుడు మేడమ్ కలం తీసి, ఆ ఇంట్లో మొత్తం ఎంతమందిని దాచారని అడిగింది.

"పదిహేను మందినండి."

"మిమ్మల్ని కలిపా?"

"నన్ను కలిపితే పదహారు."

మాస్టారు వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. పద్నాలుగు అని పాతికసార్లు అనుకున్నారు. పద్నాలుగు మందినే కూర్చోబెట్టారు, పద్నాలుగు తిట్లే పంచారు. ఆయన వెనకనుంచి దగ్గాడు. కుట్టే ఆవిడ తిరిగి చూడలేదు.

నా దగ్గర పద్నాలుగు ఫైళ్ళే ఉన్నాయని మేడమ్ అంది. పదిహేనో మనిషి ఎవరు?

"మా పక్కింటావిడ. చంకలో నెలల పిల్ల. పిల్లకు పాలిచ్చి, నిద్రపుచ్చి, ఇద్దర్నీ ఒకే దాంట్లో పెట్టి కుట్టాం. అత్త ఆ రోజు ఒక్క తిట్టు తిట్టలేదు, పిల్ల లేస్తుందని."

"ఆవిడ ఫైలు లేదే ఇక్కడ."

"ఇక్కడిదాకా రాలేదేమోనండి."

మేడమ్ కాగితం మీద పదిహేను అని రాసి, దాని చుట్టూ సున్నా చుట్టింది. కలంతో టేబుల్ మీద కొడుతూ కూర్చుంది. గోడ పక్కన ఈ నెలాఖరులోగా తేల్చాల్సిన ఫైళ్ళు నడుమెత్తున పేర్చి ఉన్నాయి. ఆ పద్నాలుగు మందినీ, ఈమెనూ పంపాలంటే పదిహేను ఉత్తర్వులు రాయాలి, ఒక్కోటి పన్నెండు పేజీలు. ఆ లెక్క కూడా ఆమె మనసులో ఉండే ఉంటుంది. మనిషే కదా. కానీ పైకి అన్నది వేరు.

"లెక్క సరిపోయి ఉంటే నేను నమ్మేదాన్ని కాదు. నేర్చుకుని వచ్చినవాళ్ళకు లెక్క ఎప్పుడూ సరిపోతుంది."

మూడేళ్ళకు ముద్ర వేసి కొత్త కార్డు చేతిలో పెట్టింది. పద్నాలుగు ఫైళ్ళనూ తాడు కట్టి పక్కన పడేయమని బంట్రోతుకు చెప్పింది.

బయటికి వచ్చాక గార్డు ఇద్దరికీ గేటు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. వరుసలో ముందున్న ముసలాయనకు కుర్చీ కూడా వేశాడు. ఆ బుద్ధి ఎన్నాళ్ళుంటుందో చెప్పలేం, మర్నాటికి పోయినా పోతుంది.

మాస్టారు ఆమెతో బస్సు స్టాపు దాకా నడిచాడు. ఆనందం పట్టలేక దారంతా మాట్లాడుతూనే ఉన్నాడు. ఇరవై రెండేళ్ళలో తను రాసినవన్నీ ఒక ఎత్తు, ఆ పాలవాడి పాలు విరిగిపోవడం ఒక ఎత్తు అన్నాడు. ఇక ఆ పదిహేనో పరుపు ఉందే, ముందు తన ప్రాణం తీసింది గానీ, చివరకు పని జరిగింది దాని వల్లే. అలాంటి ముక్క అప్పటికప్పుడు ఎలా తట్టిందని అడిగాడు.

ఆమె స్టాపులో బల్ల మీద కూర్చుంది. కార్డు చేతిలోనే ఉంది.

"అప్పటికప్పుడు తట్టలేదు అన్నయ్యా. అత్త ఎవర్నీ దాచలేదు. నన్నొక్కదాన్నే దాచింది."

"అది తెలుసు కదా, చెల్లెమ్మా."

"ఆ రోజు పక్కింటావిడ వచ్చింది. నేను లోపల ఉన్నాను, అత్త పైన కూర్చుంది. తలుపు మెల్లగా కొట్టింది, పిల్ల లేస్తుందని. పిన్నీ, పిన్నీ అని పిలిచింది. అత్త లేవలేదు. లేస్తే ఇంకో పరుపు విప్పాలి, అంత టైము లేదు. ఉన్నా లేచేది కాదనుకో."

మాస్టారు ఆమె పక్కన కూర్చున్నాడు.

"నేను అరవొచ్చు. తలుపు తీయమని చెప్పొచ్చు. నోటి దగ్గర కుట్టు వదులుగానే వేసింది అత్త. నేను నోరు మూసుకుని పడుకున్నాను."

తరవాత ఏమైందని ఆయన అడిగాడు. అడగకుండా ఉండాల్సిందని అడిగాక తోచింది.

"మర్నాడు వాళ్ళ వాకిలి ఎవరూ ఊడవలేదు," అంది ఆమె.

మాస్టారు ఏదో అనబోయాడు. ఎవరి కథలోనైనా తను ఒక మాట కలపకుండా ఊరుకున్న రోజు ఆయనకు గుర్తులేదు. నోరు తెరిచి, మూసుకున్నాడు.

బస్సు వచ్చింది. ఆమె ఎక్కి కిటికీ పక్క సీట్లో కూర్చుంది. కండక్టరు టికెట్టు అని చెయ్యి చాపితే, ఆమె మూడేళ్ళ ముద్ర ఉన్న కార్డును అతని చేతిలో పెట్టింది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది కాదమ్మా అని తిరిగి ఇచ్చేశాడు.